సిస్టరు గారి చూపు

నీలగిరి తైలం వాసన తగిలితే నాకు ఇప్పటికీ బట్టల కొట్టు గుర్తొస్తుంది. నేను పనిచేసే ఆసుపత్రిలో కెమెరాలు చూసే గది ఒకటుంది. నిన్న అక్కడ పక్క కుర్చీలోని అమ్మాయి తలనొప్పిగా ఉందని కణతలకు ఆ తైలం రాసుకుంది. ఎదురుగా గోడనిండా బొమ్మలు కదులుతున్నాయి. నేను మాత్రం తెర మీంచి చూపు తిప్పి, లేని మనిషి కోసం పక్కకి చూశాను. మా ఉద్యోగంలో అలా చూపు తిప్పకూడదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక పెద్ద బట్టల కొట్టువాళ్ళు కెమెరాలు పెట్టించారు. మా వైపు అదో వింత. పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళు కెమెరా కింద నిలబడి జుట్టు సర్దుకునేవారు. మెట్ల కింద ఇరుకు గదిలో నాలుగు కెమెరాల బొమ్మలూ నాలుగు గళ్ళలో కనబడే టీవీ, ఒక వీసీఆర్, రెండు కుర్చీలు. డిగ్రీ పూర్తిచేసి రాజోలు నుంచి బస్సులో వచ్చే నాకొకటి, నర్సుగా రిటైరైన సుగుణ గారికొకటి. కొట్లో అందరూ ఆవిడను సిస్టరు గారూ అనే పిలిచేవారు. కళ్ళు లాగితే జేబురుమాలు మీద తైలం చుక్కలు వేసుకుని వాసన చూసేవారు. కబుర్లు చెబితే ఊరుకునేవారు కాదు.

నాకేమో ఎప్పుడు దొంగను పట్టుకుంటానా అని ఆత్రం. చేరిన కొత్తలోనే ఒకామె పట్టుచీర భుజాన వేసుకుని తిన్నగా వీధిలోకి నడిచింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"సిస్టరు గారూ, దొంగండీ!"

"కూచోమ్మా. ట్యూబులైటు కింద రంగు తెలుస్తుందా? ఎండలో చూసుకోడానికి వెళ్తోంది. నువ్వు మాత్రం చీర గుమ్మంలోకి తీసికెళ్ళి చూడకుండా కొంటావా?"

"కొననండి."

"మరి ఈ కుర్చీ ఎక్కగానే మర్చిపోయేవేం?"

నిజమే. ఆ తెర ముందు కూర్చోగానే నేనూ చీరలు కొనే మనిషినన్న సంగతి మర్చిపోయాను. "దొంగని వెతక్కు. జనం మామూలుగా ఏం చేస్తారో చూడు," అనేవారు ఆవిడ. మధ్యమధ్య నాచేత బలవంతంగా కళ్ళు మూయించేవారు. అలిసిపోయిన కళ్ళకి లేనివి కూడా కనబడతాయట.

ఓ పెళ్ళిళ్ళ సీజన్లో ఖరీదైన చీర ఒకటి పోయింది. షావుకారు గారు క్యాసెట్ పట్టుకుని వచ్చారు.

"లక్ష్మే తీసిందండి. మీరు కూడా చూసి అవునంటే ఇవాళే పంపించేస్తాను."

లక్ష్మి చీరలు చూపించే మనిషి. ఇద్దరు పిల్లలు, ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. దొంగ అన్న పేరుతో బయటికి పంపిస్తే అమలాపురంలో మరే కొట్టూ గుమ్మం ఎక్కనివ్వదు. టేపులో ఆమె చీరతో, కొనేవాళ్ళతో కలిసి గుమ్మంలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చీర లేదు. పైగా పమిట సర్దుకుంది, వెనక్కి చూసింది. "లక్ష్మేనండి," అనేశాను.

సిస్టరు గారు టేపు వెనక్కి తిప్పారు. "ఇప్పుడు రాణి తీసిందనుకుని చూడు."

రాణిది పక్క కౌంటరు. చూశాను. రాణి బల్ల కిందికి వంగింది, దిక్కులు చూసింది, నుదుటి చెమట తుడుచుకుంది. రాణి అచ్చం దొంగలాగే ఉంది.

"ఇప్పుడు షావుకారు గారనుకుని చూడు," అన్నారు చెవి దగ్గర. చూశాను. టేపులో ఆయనా దొంగే! నాకు నవ్వాగలేదు.

సాయంత్రం ఆవిడ షావుకారు గారితో చెప్పారు. "గుమ్మం దగ్గర ఎండకి బొమ్మంతా తెల్లబడిపోయిందండి. అక్కడేం జరిగిందో కనపళ్ళేదు."

"అంటే లక్ష్మి తియ్యలేదంటారా?"

"ఆ మాటా నేనన్లేదండి. తీసినట్టు కనపళ్ళేదంటున్నాను."

"చూడ్డానికే కదండీ మిమ్మల్ని పెట్టుకుంది!"

"ఆయ్. అందుకే చూడంది చెప్పలేనండి."

లక్ష్మి ఉద్యోగం నిలిచింది. చీర దొరకలేదు. నెలాఖరుకి సిస్టరు గారిని ఇక రావద్దన్నారు. ఆవిడ తన టిఫిన్ క్యారియరు సంచిలో పెట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. "అసలు మీకేమనిపిస్తోందండీ, లక్ష్మి తీసిందా?" అని అడిగాను.

"అనిపించేవి చాలా ఉంటాయమ్మా. వాటికి మనకి జీతం ఇవ్వట్లేదు," అని నా తల నిమిరి వెళ్ళిపోయారు.

కొత్తపేటలో కూతురి దగ్గర ఉంటున్నారని విన్నాను. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా పోయారని తెలిసింది. ఆవిడ ఫోటో ఒక్కటీ నా దగ్గర లేదు. కొట్లోకి కొనడానికి వచ్చినవాళ్ళందరూ ఆ టేపుల్లోకి ఎక్కారు గానీ, మెట్ల కింద గదిలో కెమెరా ఉండేది కాదు. ఆ మొహం మళ్ళీ ఒక్కసారి చూడాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి ఫలానావాళ్ళ మీద అనుమానం, చూసి పెట్టండి అంటే పేరు చెప్పనివ్వను. ముందు చూస్తాను. కనపడకపోతే కనపడలేదనే చెబుతాను, పై అధికారి మొహం మాడ్చుకున్నా సరే. అలా చెప్పిన ప్రతిసారీ, ఆ పూట ఆవిడ నన్ను చూసి ఉంటే బాగుండుననిపిస్తుంది.