ఎదురింటి పెద్దమ్మ, టీవీలో లాండ్రీ కుటుంబం

శుక్రవారం పొద్దున దోసెలు పోస్తుంటే ఫోన్ వచ్చింది. సౌదీలోనే, హుఫూఫ్‌లో మేమున్నప్పుడు మా ఎదురింట్లో ఉన్న పెద్దమ్మ కొడుకు. దమ్మామ్‌లో ఉద్యోగం అతనిది. "అక్కా, అమ్మ పోయింది. నిద్రలోనే. నమాజుకు నాయన లేపితే లేయలేదంట" అన్నాడు. పెనం మీద దోసె మాడిపోయింది. గంటలో నేనూ మా అమ్మాయీ రియాద్ నుంచి బయలుదేరాం. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉంది. కారు నేనే నడిపాను. అది నాకు నేర్పింది ఆ పెద్దమ్మే కాబట్టి, ఆమె గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆమె మాకు చుట్టం కాదు. ఆమెది ప్రొద్దుటూరు, మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆమె నమాజు చదివేది, నేను దీపం పెట్టేదాన్ని. హుఫూఫ్‌కు వెళ్ళిన కొత్తలో నాకు ఆ ఊరంటే మూడో అంతస్తులోని రెండు గదులే. మా ఆయన ఏసీ మెకానిక్. ఆయన పనికి, పాప బడికి పోయాక నేను కిటికీ దగ్గర కూర్చుని కింద పార్కింగులో కార్లను చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే, తలమీద కొంగు సర్దుకుంటూ ఒక పెద్దావిడ. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"నీకు ఇంగిలీసు వస్తాదా మే?" అంది.

"వస్తది గానీ, అంతంత మాత్రమే" అన్నాను.

"సాలు. రా, టీవీలో ఏమంటాండారో సెప్పు."

అలా మొదలైంది. ఏదో శాటిలైట్ చానల్లో రోజూ నాలుగింటికి ఒక అమెరికా హాస్య సీరియల్ వచ్చేది. ఆసియా దేశం నుంచి అమెరికా పోయి, ఒక చిన్న ఊళ్ళో బట్టలుతికే దుకాణం పెట్టుకున్న కుటుంబం కథ. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఇంగ్లీషు ముక్క రాని నానమ్మ. మాటలు ఇంగ్లీషులో, కింద అక్షరాలు అరబ్బీలో. పెద్దమ్మకు చిన్నప్పటి నుంచీ అరబ్బీ అక్షరాలు చదవడం వచ్చు, బజారులో నేర్చుకున్న మాటలు కొన్ని వచ్చు. నాది డిగ్రీలో చదివిన ఇంగ్లీషు. అమెరికా వాళ్ళు మాట్లాడే వేగానికి అది అందేది కాదు. ఇద్దరికీ సగం సగం తెలిసేది. ఆ రెండు సగాలూ కలిపి కథ అల్లుకునేవాళ్ళం.

చాలాసార్లు కుదిరేది కాదు. ఒకరోజు దుకాణం మూసి ఇంటిల్లిపాదీ కొత్త బట్టల్లో బయలుదేరారు. పెళ్ళికని నేనన్నాను. చావుకని ఆమె పట్టుబట్టింది. "సదివినాను కదా, కింద రాసినాడు" అని నా మీద గొంతు కూడా పెంచింది. చివరికి మూడంతస్తుల కేకు వచ్చింది. దాన్ని చూసి కాసేపు ఆలోచించి, "సావుల్లో కూడా కేకు తింటారేమో వాళ్లు" అంది గానీ ఓడిపోయానని మాత్రం ఒప్పుకోలేదు. మొండి మనిషి.

ఆ సీరియల్లో ఆమెకు అసలు నచ్చనిది, మధ్యమధ్య వినిపించే నవ్వులు. "ఆ నవ్వేది ఎవురు? యాడుండారు? కనపడరే!" అనేది. ముఖ్యంగా ఆ తల్లి వంకర ఇంగ్లీషు మాట్లాడినప్పుడల్లా నవ్వులు మారుమోగేవి. పెద్దమ్మ రిమోట్ తీసి సౌండు తగ్గించేసేది. "తప్పు మాట్లాడిందని నవ్వుతాండారు. తప్పో ఒప్పో, మాట్లాడింది కదా. పని అయింది కదా" అనేది.

ఆ మాట టీవీ కోసం అన్నది కాదని నాకు తర్వాత తెలిసింది. కింద దుకాణంలో కావలసిన వస్తువును వేలితో చూపించి, తల దించుకుని వచ్చేదాన్ని నేను. ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "అడుగు" అంది. "నాకు రాదు పెద్దమ్మా, నవ్వుతరు" అన్నాను. "నగితే పండ్లు కనపడతాయి. మనకేం పోయింది?" అంది. నేను వచ్చీరాని అరబ్బీలో పెరుగు అడిగాను. దుకాణం అతను పాలు ఇచ్చాడు. ముగ్గురం నవ్వుకున్నాం. మరుసటి రోజు పెరుగే ఇచ్చాడు.

పెద్దమ్మ భర్తను నేను పెదనాన్న అనేదాన్ని. ఆయనకు బజారులో గిన్నెల దుకాణం ఉండేది. షుగరు జబ్బు కళ్ళ మీదికి వచ్చింది. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. ఊరి చివర ఇల్లు, నడి ఊళ్ళో దుకాణం, కొడుకేమో దమ్మామ్‌లో. "ఇంక చాలు, ఎగ్జిట్ వీసా కొట్టించుకొని ఇండియా పోండి" అన్నాడు కొడుకు. అతని మాటలోనూ తప్పు లేదు. పెద్దమ్మ బీరువా సర్దడం మొదలుపెట్టింది. దుప్పట్లు, ఇడ్లీ పాత్ర, మసాలా డబ్బాలు తెచ్చి మా ఇంట్లో పెట్టింది. పెళ్ళైన కొత్తలో వచ్చిన మనిషి, జీవితమంతా గడిపిన ఊరిని అలా డబ్బా డబ్బాగా ఖాళీ చేస్తుంటే చూడలేకపోయాను.

ఆ వారంలోనే ఆ సీరియల్లో తల్లి డ్రైవింగ్ పరీక్షకు పోయింది. వెనక్కి పోనిచ్చి చెత్తడబ్బాను గుద్దింది. పరీక్ష పెట్టేవాడు తల పట్టుకున్నాడు. నవ్వులు. ఇంటికొస్తే పిల్లలు ఆమెలాగే నటించి చూపించారు. మళ్ళీ నవ్వులు. పెద్దమ్మ సౌండు పూర్తిగా తీసేసింది. బొమ్మలు కదులుతూనే ఉన్నాయి. ఆమె మాత్రం వాటిని చూడటం లేదు.

"ఇప్పుడు ఈడ ఆడోళ్లకి గూడా లైసెన్సులు ఇస్తాండారు కదా మే?"

"ఇస్తున్నరు పెద్దమ్మా. ఆడోళ్లకు స్కూలు కూడ ఉన్నదట."

రాత్రి అన్నాల దగ్గర భర్తతో చెప్పిందట. "ఈ వయసులో నీకెందుకే?" అన్నాడాయన. "నీ కండ్లు బాగున్నప్పుడు నాకెందుకులే అనుకొంటి. ఇప్పుడు నా కండ్లు బాగుండాయి కదా" అందట. స్కూలు ఫీజు ఎంతో కనుక్కోమన్నాడట ఆయన. కొడుకు మాత్రం ఫోన్లో గట్టిగా అరిచాడు. ఆమె ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని, అరుపు అయిపోయాక, "సరే నాయనా, భోంచేసినావా?" అంది.

స్కూల్లో నేర్పించే సౌదీ అమ్మాయి ఈమెను "ఖాలా" అని పిలిచేది. మనం పిన్నీ అన్నట్టు. మొదటి పరీక్షలో పెద్దమ్మ తప్పింది. రెండు బండ్ల మధ్య నిలపమంటే ప్లాస్టిక్ గుర్తును ఈడ్చుకుపోయింది. ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. ఏడుస్తుందేమోనని పక్కన కూర్చున్నాను. "ఆ పిల్ల నగింది మే" అంది. "తర్వాత నేనూ నగినాను. ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నగినాం. సోమారం మళ్లీ రమ్మనింది" అంది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి లైసెన్సుతో వచ్చి, మా ఇంట్లో పెట్టిన డబ్బాలన్నీ వెనక్కి మోసుకుపోయింది.

మొదటి ప్రయాణంలో పెదనాన్న ముందు సీట్లో, నేనూ పాపా వెనక. బిస్మిల్లా అని కారు కదిలించింది. ఎంత నెమ్మదిగా నడిపిందంటే, వెనక పికప్ వాడు ఆపకుండా హారన్ కొట్టాడు. "ఎవురే?" అని పెదనాన్న కంగారుపడ్డాడు. "హారన్ వాడిది, బండి నాది. నువ్వు కూసో" అంది. దుకాణం ముందు కారు ఆగినప్పుడు పెదనాన్న వెంటనే దిగలేదు. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, ఒక్కసారి నిమిరి, అప్పుడు దిగాడు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఎగ్జిట్ మాట వినపడలేదు. మా బిల్డింగులో ఎవరికి కాన్పు నొప్పులు వచ్చినా, ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా ఆ కారే తయారుగా ఉండేది. తర్వాత నన్నూ వెంటపడి స్కూలుకు పంపింది. ఖాళీ స్థలాల్లో పక్కన కూర్చుని నాతో నడిపించింది.

ఆ సీరియల్ అయిపోయిన రోజు మాత్రం ఆమెకు కోపం వచ్చింది. కుటుంబం లాండ్రీ అమ్మేసి పెద్ద ఇంటికి మారింది. అందరూ సంతోషంగా ఉన్నారు. నానమ్మ మాత్రం చివరి భాగాల్లో ఎక్కడా కనిపించలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. "ముసలామె యాడికి పోయింది? ఒక్కురన్నా అడిగినారా? ఇంత సంసారం చేసి, ఆయమ్మ పేరే ఎత్తకపోతే ఎట్ల?" అని రెండు రోజులు సణిగింది. మనమే ఏదో ఒకటి అనుకుందాం అన్నాను. "ఊరికి పోయింటాది. వాళ్ల చెల్లెలింటికి" అని తనే తేల్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు, ఆ నానమ్మ తన ఊళ్ళో ఏం వండుకుంటుందో, ఎవరితో పోట్లాడుతుందో మాకు రోజూ కల్పించి చెప్పేది. నన్నడిగితే సీరియల్ కంటే అదే బాగుండేది.

మేం రియాద్‌కు మారాక వారం వారం ఫోన్ చేసేది. ఎలా ఉన్నావని ఎప్పుడూ అడగలేదు. "బయటికి పోతాండావా?" అని అడిగేది. పోతున్నానంటే ఇంక అన్నీ బాగున్నట్టే ఆమె లెక్క.

మేం హుఫూఫ్ చేరేసరికి ఖననానికి తీసుకుపోయారు. ఇంటినిండా ఆడవాళ్ళు. ఆ సౌదీ అమ్మాయి కూడా వచ్చింది, చంకలో బిడ్డతో. ఎవరూ పెద్దగా ఏడవడం లేదు. ఆమె తమను ఎక్కడెక్కడికి తీసుకుపోయిందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

మర్నాడు పొద్దున కొడుకు కాగితాల పని మీద వెళ్ళాడు. పెదనాన్న నా గొంతు వినిపించిన వైపు తిరిగి, "ఒకసారి ఆమె కాడికి తీసుకపోతావా పాపా?" అన్నాడు. శ్మశానం బయట కారు ఆపాను. ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు కాబట్టి మా అమ్మాయి ఆయనను గేటు దాకే నడిపించింది. అక్కడి కాపలా మనిషి చెయ్యి అందుకున్నాడు. చాలాసేపటికి, వేళ్ళకు మట్టితో తిరిగి వచ్చాడు. "ఆ కాపలాయన సూపించకముందే ఆమెది ఏదో తెలిసిపాయ. చెయ్యి పెడితే మట్టి ఇంకా తడిగా ఉండాది" అన్నాడు.

"ఇంటికి పోదామా పెదనాన్నా?"

"వద్దు. ఖర్జూరం తోటల దిక్కు పోనీ. ఇది గెలలు కట్టే కాలం."

తోటల మధ్య దారి పక్కన కారు ఆపి అద్దాలు దించాను. మట్ట రాసుకున్న చప్పుడు విని ఆయన తల ఎత్తాడు. "ఎవురన్నా ఉండారా పైన?" అని అడిగాడు.

"ఒకాయన ఉన్నడు తాతా. నడుముకు తాడు కట్టుకున్నడు. గెలను మట్టకు కడుతున్నడు" అంది మా అమ్మాయి.

"కాయలు ఎట్లుండాయి?"

"చిన్నగ ఉన్నయి. ఇంకా పచ్చగనే ఉన్నయి."

"మంచిది. ఇంక పండుతాయి" అన్నాడు పెదనాన్న.

చెట్టు మీది మనిషి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మా అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపి, ఆ సంగతి తాతకు చెప్పింది. ఆయన మట్టి అంటిన తన చెయ్యి బయట పెట్టి, కొంచెం పక్క చెట్టు వైపుగా, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.