ఎడమ దిక్కు కమాన్ పట్టీ

రాసుకో బిడ్డా. ఫోను జర దగ్గర వెట్టు, గట్టిగ మాట్లాడ్తే నాకు ఆయాసమొస్తది.

నా కిడ్నీలు ఖరాబైనంక వారానికి మూడుసార్లు దవాఖానకు పోయి రక్తం కడిగిచ్చుకునుడు మొదలైంది గద. నాలుగు గంటలు సూదులు గుచ్చుకోని పండాలె. అదన్న ఓర్సుకుంట గని, ఇంటికొచ్చే తొవ్వనే నన్ను సంపుతుండె. మీ నాయన క్యాబ్ బుక్ చేస్తుండె. ఆఫీసులు ఇడ్సే యాళ్లకు ఖాజాగూడ ట్రాఫిక్ల ఏ క్యాబోడొస్తడు? వస్తున్న అంటడు, మల్ల రాడు. ఇగ మీ తాత పికప్ బండే గతి.

నార్సింగిల పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నప్పుడు మీ తాత ఆ బండిల గ్రానైట్ రాళ్లు మోస్తుండె. ఎన్క చక్రాల కాడ ఒకదాని మీద ఒకటి వంగిన ఇనుప పట్టీలుంటయి చూడు, కమాన్ పట్టీలంటరు. బరువుకు బండి కుంగొద్దని రెండు దిక్కులా ఒక్కో పట్టీ ఎక్కువ ఏపిచ్చిండు. రాళ్లుంటే బండి మెత్తగ పోతది. ఖాళీగ పోతే గుంత గుంతకు నా నడుములకెల్లి మెడ దాక కొడ్తది. స్పీడ్ బ్రేకర్ దూరంకెల్లి కనవడితేనే కండ్లు మూసుకుంటుంటి.

ఒకనాడు ఇంటికొచ్చి, చెప్పులు ఇడ్వకుంటనే గడప మీద కూసున్న.

"ఇగ నేను పోనయ్యా. యాష్టకొచ్చింది. ఏమైతే అదైతది."

మీ తాత కోప్పడలే. "చాయ తాగుతవా?" అన్నడు, గంతే.

తెల్లారి వాకిట్ల సుత్తె సప్పుడు. బండి ఎన్క భాగం జాకీ మీద లేపి, ముంగటి చక్రాలకు రాళ్లు అడ్డం వెట్టి, ఆయన కింద దూరిండు. బోల్టులు తుప్పువట్టి ఊడ్తలేవు. డీజిల్ పోసుడు, కొట్టుడు. మద్యానం దాక తిప్పలువడి ఒక్క పట్టీ గుంజిండు.

"ఏంజేస్తున్నవ్?"

"నీ సీటు మెత్తగ చేస్తున్న. ఎల్లుండి ఒక్కసారి కూసోని చూడు. బాగలేకుంటే పోకు, నేనడగ."

ఆయన అన్న దినం ఎక్కిన. బండి నా దిక్కే ఒరిగి పోతున్నది. రోడ్డు మీద షెడ్డు కాడ మన బండి చూసే మెకానిక్ చెయ్యూపి ఆపిండు.

"ఏంది కాకా, బండి గిట్ల కుంటుతున్నది?"

"ఎడమ దిక్కు పట్టీ ఒకటి తీసిన."

"మరి కుడి దిక్కు?"

"కుడి దిక్కు నేను కూసుంట. నాకు కుదుపులు అలవాటే. మా ఇంటామె కూసునేది ఎడమ దిక్కు."

మెకానిక్ నెత్తి పట్టుకున్నడు. "ఇన్నేండ్లు బండి నడిపి, మంచానికి ఒక్క కోడు కోసినట్టు కోసినవ్ కాకా. రెండు దిక్కులా సమానం తియ్యకుంటే మలుపుల బోల్తా వడ్తవ్."

నాకు నవ్వొచ్చింది. నవ్వక ఎన్ని దినాలైతున్నదో. మెకానిక్ ఆడ్నే రెండోది గూడ తీసిండు. "ఇగ రాళ్లు ఎక్కియ్యకు" అన్నడు.

"ఎక్కియ్య" అన్నడు మీ తాత.

ఆనాడు దవాఖానకు లేటైంది, నర్సమ్మ ఒర్రింది. వచ్చేటప్పుడు గుంతలు గుంతలే. గని దెబ్బ మెడ దాక రాలే, నడుముల కాడ్నే ఆగింది. ఇంటికొచ్చినంక ఆయన నన్నేమడగలే. నేను గూడ పోనని మల్లనలే.

ఆ రెండు పట్టీలు గోడకు నిలవెట్టి ఉన్నయి చూడు. గ్రానైటోళ్ల ఫోనొస్తే బండి రిపేరుందంటడు మీ తాత. మొన్న ఓ పట్టీకి నూనె రాస్తున్నడు, తుప్పు వట్టొద్దని.

"పాత సామానోనికి ఇచ్చెయ్యరాదు?" అన్న.

"మల్ల బండికి ఎక్కియ్యాలె గద."

"ఎప్పుడు?"

ఆయన నూనె బట్టతోని రాసిన కాడ్నే మల్ల రాసిండు. ఈ రక్తం కడుగుడు నేనున్నన్ని దినాలు ఉంటదని డాక్టర్ చెప్పంగ ఇద్దరం ఇన్నం.

నేను జరిగి ఆయన పక్కకు కూసున్న. "బట్ట ఇటియ్యి" అన్న. రెండోదానికి నేను రాసిన.

ఇగ సాలు బిడ్డా. రేపు మల్ల పోవాలె, జరసేపు పంట.