ఉప్పెక్కిన బావి

ఈ పత్రికలో ఇంజనీర్ల అనుభవాలు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచి నేనూ రాసి పంపుతూనే ఉన్నాను. వంతెనలు కట్టినవాళ్ళవి వేశారు, మేడలు లేపినవాళ్ళవి వేశారు. చెడిపోయిన బావి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. మళ్ళీ రాస్తున్నాను.

అది 1983. హొనొలులులో నీటి పథకాల కంపెనీలో ఇంజనీర్‌ని. ఆ ఏడు ఎల్ నీనో వచ్చింది. పసిఫిక్ సముద్రం తూర్పున వేడెక్కి, పడమటి దీవులకు వానలు లేకుండా చేసింది. అప్పట్లో అమెరికా పాలనలో ఉన్న ఒక పగడపు దీవిలో వాననీటి తొట్లన్నీ ఎండిపోయాయి. ఒక్క బావి మిగిలింది. దానికి పెద్ద పంపు బిగించే పని మా కంపెనీకి వచ్చింది.

అలాంటి దీవుల్లో నేల కింద ఉప్పునీటి మీద మంచినీరు పలచగా తేలుతుంది. దాన్ని ఫ్రెష్‌వాటర్ లెన్స్ అంటారు. మెల్లగా తోడుకుంటే నిలుస్తుంది. గట్టిగా లాగితే కింది ఉప్పు పైకొస్తుంది. ఆ మాటే మా పై అధికారి రాజుగారికి చెప్పాను. ఆయనది భీమవరం, నాది చీరాల.

“చిన్న పంపు చాలండీ. పెద్దది రన్ చేస్తే బావి పోతుంది.”

“చీరాల ఇసకలో చెలమలు తవ్విన తెలివి ఇక్కడ చూపించకయ్యా. నీ గ్రీన్ కార్డ్ ఫైల్ ఎవరి టేబుల్ మీదుందో గుర్తుందా?”

అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ మరవలేదు. పెద్ద పంపే వెళ్ళింది.

కొన్ని నెలలకు ఆ దీవి పెద్ద అబ్రహాం మా ఆఫీసుకు వచ్చాడు. ఏమీ చెప్పకుండా, వెంట తెచ్చిన సీసాలోని నీళ్ళు అందరికీ గ్లాసుల్లో పోశాడు. రాజుగారు ముట్టలేదు. ఇచ్చిన నీళ్ళు కాదనడం నాకు చేతకాదు. తాగాను. గొంతు మండింది.

“మా బావి నీళ్ళే. పసిపిల్లల పాలపొడిలో ఇవే కలుపుతున్నాం,” అన్నాడు అబ్రహాం. “సీమపనస చెట్లు మాడిపోయాయి. సగం మంది పడవెక్కి వెళ్ళిపోయారు.”

“కరువు దేవుడి పని. మేమేం చేస్తాం?” అన్నారు రాజుగారు.

లిఫ్టు దగ్గర అబ్రహాంను ఆపి, నేను ముందే హెచ్చరించానని, నా మాట వినలేదని మొరపెట్టుకున్నాను. ఓపికగా విన్నాడు.

“ఎవరికి చెప్పావు?”

“మా బాస్‌కి.”

“ఆయన ఆ నీళ్ళు తాగడు కదా. మాకెందుకు చెప్పలేదు? మేమే ఆపేసేవాళ్ళం.”

పంపు బిగించే రోజుల్లో వైర్‌లెస్ రేడియోలో అబ్రహాంతో మాట్లాడింది నేనే. బోల్టుల గురించి మాట్లాడాను, పైపుల గురించి మాట్లాడాను. నాకు జరిగిన అవమానమే పెద్దదనుకుని, దాన్నే మోస్తూ కూర్చున్నాను. లిఫ్టు తలుపు మూసుకునేదాకా తలెత్తలేకపోయాను. ప్రమాదం కనబడితే ముందు ఆ నీళ్ళు తాగేవాళ్ళకు చెప్పాలని ఆరోజు నేర్చుకున్నాను. ఆ దీవికి మాత్రం అది ఉపయోగపడలేదు.

రాజుగారూ, మీరిప్పుడు అమెరికాలోనే షాంటిలీ ఊళ్ళో ఉన్నారని, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని తెలుసు. నాకు మీ క్షమాపణ అక్కర్లేదు. ఒక్కటే చెప్పండి. అబ్రహాం ఇంకా నోరు విప్పకముందే, గ్లాసు ముట్టుకోకుండానే, ఆ నీళ్ళు ఉప్పని మీకెలా తెలిసింది?