మిల్లు హౌసులో తిప్పిన బల్ల

తొంభై నాలుగులో, అసెంబ్లీ ఎన్నికలకు మూణ్నెల్ల ముందు, జమ్మలమడుగు దగ్గరి ఒక సిమెంటు కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. హోదాలో మేనేజరుకు కింద, ఫోర్‌మన్‌కు పైన. మాట చెల్లడంలో ఇద్దరికీ కిందే.

బెడదంతా మిల్లు హౌసుతోనే. అక్కడ ఇనుప గుండ్లు నింపిన పెద్ద పీపా తిరుగుతూ, కాల్చిన సున్నపురాయిని పిండి చేస్తుంది. మొదటి రోజు ఆ మోతకు శబ్దం కొలిచే మీటరే పగిలిపోయింది. అబద్ధమెందుకు, నా చేతిలోంచి జారిపడింది. రెండో మీటరు చూపిన అంకె మాత్రం ఎనిమిది గంటల పనికి ఒప్పుకునే హద్దును నిజంగానే దాటింది.

ఆపరేటరు ఓబులేసుకు వినికిడి పరీక్ష చేయించాను. ముందురోజంతా మనిషిని మోతకు దూరంగా ఉంచాలి, లేకుంటే మొద్దుబారిన చెవి తప్పు లెక్క చూపిస్తుంది. సన్నని శబ్దాలు అతని ఎడమ చెవికి అప్పటికే అందడం లేదు. పోయింది తిరిగి రాదని, ఇలాగే సాగితే ఇంట్లోవాళ్ల మాటలు కూడా వినపడవని డాక్టరు చెప్పాడు. చెవులు కప్పే ఇయర్ మఫ్‌లు తెప్పించి ఇస్తే, ఓబులేసు వాటిని మెడకు తగిలించుకుని తిరిగాడు.

"చెవులు మూసుకుంటే ఎనక వచ్చేటోడు యాడ ఇనపడతాడు సార్?"

"ఆ మిల్లు పక్కన లారీ వచ్చినా వినపడదు గదప్పా!"

"ఇనపడకున్నా, ఇంటాండా అనుకుంటే అదొక ధైర్యం సార్."

అతని భయం ఊరికే పుట్టింది కాదు. అదే షిఫ్టులో యంత్రాలకు ఆయిలు పోసే సుబ్బరాయుడిది ఓబులేసు ఊరే, ముఠాకక్షల్లో ఎదుటి వర్గం.

ఇద్దరినీ కూర్చోబెట్టి నేను చేసిన ఉపన్యాసం గురించి ప్రొద్దుటూరు దాకా చెప్పుకున్నారు. చెప్పుకుంటూ తిరిగింది నేనొక్కడినే. జరిగింది వేరు. ఇద్దరూ ఒకేసారి నా గదివైపు రావడం చూసి లోపల గడియ పెట్టుకున్నాను.

"గడియ తీయండి సార్, కొట్టుకోను రాలేదు," అన్నాడు సుబ్బరాయుడు బయటినుంచి. "వీడు రీడింగులు రాసే బల్ల తలుపుకు వీపు పెట్టి ఉండాది. నేను ఆయిలు పోయను పోతే ఉలిక్కిపడి స్పానరు ఎత్తుతాండాడు. బల్ల తిప్పి వీణ్ని గోడకానించి కూర్చోబెట్టండి. వాని చెవులూ మిగుల్తాయి, నా తలకాయా మిగుల్తాది."

"వీడు పుట్టినాక చెప్పిన మంచిమాట ఇదొకటే సార్," అన్నాడు ఓబులేసు. "తిప్పితే పెట్టుకుంటా."

మా వైపు హోటల్లో టీ తాగేవాడు కూడా తలుపుకు వీపు పెట్టి కూర్చోడు. ఆ బల్ల వేయించింది కోస్తా ఇంజనీరు. నేను పులివెందులలో పుట్టి పెరిగినవాణ్ని, ఆఫీసులో నా కుర్చీ గోడకే ఆనించుకున్నవాణ్ని, ఆ సంగతి గమనించలేదు.

మర్నాడే బల్ల తిప్పించి బోల్టులు బిగించాం. ఆ షిఫ్టునుంచే ఇద్దరూ మఫ్‌లు పెట్టుకున్నారు. ఏడాది తర్వాతి పరీక్షలో కాగితం మీద ఓబులేసు వినికిడి గీత అంతకంటే కిందికి దిగలేదు. గొంతు తగ్గించి డాక్టరు అడిగినవాటికి అతను ఒక్కొక్కటిగా జవాబు చెబుతుంటే, పక్కన నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, రక్షణ పరికరం ఎవరైనా వద్దంటే చార్జి మెమో రాయడానికి ముందు కారణం అడిగేవాణ్ని. అతను పనిచేసే చోట ఒక షిఫ్టంతా నిలబడి చూసేవాణ్ని. షిఫ్టంతా అన్నాను గానీ, అరగంటే. చాలావరకు అంతే సరిపోయేది.