రిలీజ్ కాని సినిమా పాట

మొగల్తూరు తాతాజీ బ్యాండు మేళంలో పద్దెనిమిది మంది ఉంటారు. అందరూ ఆయన మాట వింటారు. పెద్ద డ్రమ్ము వాయించే భీమరాజు కూడా వింటాడు గానీ, అతని పొట్ట వినదు. పట్టీ ఎంత బిగించినా డ్రమ్ము ఆ పొట్ట మీద నిలవక జారుతుంది. పాట మధ్యలో భీమరాజు ఆగి, డ్రమ్మును మోకాలితో పైకి ఎగదోసి, పనిలో పనిగా ప్యాంటు కూడా పైకి లాక్కుని, అప్పుడు మళ్లీ వాయిస్తాడు. ఇంకో మాస్టరైతే మనిషిని మార్చేవాడు. తాతాజీ పాటనే మార్చుకున్నాడు.

మార్చుకునే హక్కు ఆయనకుంది, ఎందుకంటే ఆ పాట ఆయన కట్టిందే. తండ్రి పోయాక క్లారినెట్టూ, శ్రీ తలుపులమ్మ బ్యాండు అన్న బోర్డూ తాతాజీ చేతికొచ్చాయి. ఏడాదంతా ఊరేగింపుల్లో సినిమా పాటలు వాయించేవాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెల్లాళ్లూ పశువుల పాకలో కూర్చుని సొంత పాటలు కట్టుకునేవాడు. ఇంట్లో కడతానంటే భార్య బేబీ ఒప్పుకోలేదు. గేదె మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

ఓసారి ఫోన్‌లో విదేశాల జాజ్ బ్యాండు ఒకటి చూశాడు. అక్కడా ఇంతమందే, అక్కడి మాస్టరు కూడా సొంత పాటలే వాయిస్తున్నాడు. కళ్లప్పగించి ఆఖరుదాకా చూసి, "కుర్చీల్లో కూర్చుని వాయిస్తున్నారు. జనరేటర్ బండి ముందు నడుస్తూ వాయించమను చూద్దాం," అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అసూయ మాత్రం జేబులో ఇమడలేదు. ఆ మాస్టరు పేరు తెర మీద పడింది మరి. ఈ పాట తాతాజీది అని ఒక్కరు, ఒక్కసారి అంటే చాలనిపించింది ఆయనకి.

అనిపించుకోవడమే కష్టమైంది. తన పాటను మొదటిసారి ఊరేగింపులో ఎత్తుకున్న రోజున పెళ్లికొడుకు మేనమామ దగ్గరికొచ్చి, ఇది ఏ సినిమాలోదని నిలదీశాడు. తనదేనంటే ఆపించి, మంచి పాటేదైనా వాయించమంటాడని తాతాజీకి తెలుసు.

"ఇంకా రిలీజ్ కాలేదండి," అన్నాడు, కళ్లయినా ఆర్పకుండా.

మేనమామ మెత్తబడిపోయాడు. హైదరాబాద్ వాళ్లు కూడా వినని పాటకి తాము డాన్సు చేస్తున్నామని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. భీమరాజు డ్రమ్ము సర్దుకునే చోట తాతాజీ మేళాన్నంతా ఆపేసేవాడు. డాన్సు చేసేవాళ్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి బిగుసుకుపోయేవారు. భీమరాజు మళ్లీ ఢామ్మని కొట్టగానే ఎగిరేవారు. అదే ఆ పాటకి ప్రాణమైంది. నరసాపురం నుంచి యానాం దాకా ఆ ఆగే పాట కావాలని అడిగేవాళ్లు. ఏళ్లు గడిచినా సినిమా మాత్రం రిలీజ్ కాలేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు.

ఆ పాటను రాజమండ్రి బ్యాండు మాస్టరు గణేష్‌బాబు ఫోన్‌లో రికార్డు చేసుకుని, పొల్లుపోకుండా నేర్చుకుని, తన మేళంతో వాయించడం మొదలుపెట్టాడు. సినిమా పాటే కదా, ఎవరైనా వాయించుకోవచ్చు. తాతాజీ వెళ్లి గొడవ పడదామనుకున్నాడు. కానీ సినిమాలోదని ఊరూరా చెప్పింది తనే. కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

ఈ వైశాఖంలో అమ్మిరాజు గారి రెండో అమ్మాయి పెళ్లయింది. ఆడపెళ్లివారి మేళం తాతాజీది. మగపెళ్లివారు రాజమండ్రి నుంచి గణేష్‌బాబును వెంటబెట్టుకొచ్చారు. ఎదురు సన్నాహానికి పానకం బిందెలతో ఆడపెళ్లివారు ఎదురెళ్లేసరికి రెండు మేళాలూ రోడ్డు మీద ఎదురుబొదురుగా నిలబడ్డాయి. గణేష్‌బాబు ముందుగా ఆ పాటే ఎత్తుకున్నాడు. తాతాజీ ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఆపండి. అది నా పాటండి."

జనం నవ్వారు. అమ్మిరాజు గారికి చిన్నతనమనిపించింది.

"అదేంటి తాతాజీ, మా పెద్దమ్మాయి పెళ్లిలో సినిమాలోదన్నావు కదా?"

"అబద్ధం చెప్పానండి."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఏంటి నమ్మకం?"

తాతాజీ అవతలి మేళం వైపు తిరిగాడు. పాట మధ్యలో ఎందుకాగుతారని గణేష్‌బాబును అడిగాడు. పాటలోనే అలా ఉందని, సినిమావాళ్లు అలాగే కట్టారని గణేష్‌బాబు చెప్పాడు. అయితే రెండు మేళాలూ కలిసి వాయిద్దామని, అందరూ పెద్ద డ్రమ్ముల వైపే చూడాలని తాతాజీ కోరాడు.

వాయించారు. ఆగే చోటు వచ్చింది. గణేష్‌బాబు డ్రమ్ము చక్రాల బండి మీద నిక్షేపంలా ఉంది. దాన్ని వాయించే బక్కమనిషి ఏం చేయాలో తోచక కర్ర పట్టుకుని ఆకాశంలోకి చూశాడు. ఇటు భీమరాజు తీరిగ్గా డ్రమ్ము ఎగదోసి, ప్యాంటు లాక్కుని, ఢామ్మని కొట్టాడు. రెండోసారీ అంతే. మూడోసారికి పానకం బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నవ్వు పట్టలేక బిందెలు కింద పెట్టేశారు. ఎవరి ప్యాంటో జారినందుకు తన మేళం ఇన్నాళ్లూ ఆగుతోందని గణేష్‌బాబుకి అప్పుడర్థమైంది. క్లారినెట్టు దించేసి, చేతులు జోడించాడు.

తాతాజీ ఛాతీ పొంగింది. ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట కోసం అమ్మిరాజు గారి వైపు చూశాడు.

"నమ్మానయ్యా," అన్నారు అమ్మిరాజు గారు కళ్లు తుడుచుకుంటూ. "ఏదీ, ఆ భీమరాజు పాట ఇంకోసారి కానివ్వండి."

అంతే, ఆ పాటకి అదే పేరు ఖాయమైపోయింది. ఎక్కడికెళ్లినా భీమరాజు పాటే అడుగుతున్నారు. ఆగే చోట ఒక్క దెబ్బ కూడా కొట్టనివాడికి పాట దక్కింది. తాతాజీకి నిజంగానే బాధేసింది, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

భీమరాజుకి మొహం చెల్లలేదు. తర్వాతి పెళ్లికి రెండు భుజాల మీదుగా వచ్చే కొత్త తోలు పట్టీ కట్టుకొచ్చాడు. ఇక డ్రమ్ము జారదని, తను ఆగడని, ఆగకపోతే జనం తన పేరే మర్చిపోతారని మెల్లిగా చెప్పాడు. తాతాజీ ఆ పట్టీని ఎగాదిగా చూశాడు.

"నా పాట పాడు చేస్తావా? తియ్యి."

భీమరాజు పట్టీ విప్పేశాడు.

"మీ పాట, మీ ఇష్టం మాస్టారూ."

తాతాజీకి సరిగ్గా వినపడలేదట. ఇంకోసారి చెప్పించుకున్నాడు.