మడమకంటిన సున్నం

మా పి.డి. మాస్టారు పోయారు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇరవై రోజులు పట్టింది.

ఆ పొద్దున నేను మా స్కూలు గ్రౌండులో కబడ్డీ కోర్టుకి సున్నం గీతలు వేస్తున్నాను. పిల్లలకి ఆటలు నేర్పడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఫోను మోగింది. మాస్టారింటి నుంచి. చేతులు సున్నంగా ఉన్నాయని మోచేత్తో నొక్కి స్పీకరులో పెట్టాను. మాస్టారి భార్యని మేమందరం అమ్మగారు అంటాం. ఆవిడ గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"మీ మాస్టారు లేరమ్మా. తెల్లారి లేసి టీ తాగేరు. గలాసు కింద పెట్టేరు. అంతే."

నేను ఏడవలేదు. సగంలో ఉన్న గీత పూర్తి చేశాను. అది వంకరగా పోయింది. వంకర గీత చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. అది గుర్తొచ్చాక కూలబడ్డాను.

మాది సాలూరు. నాన్న లారీ డ్రైవరు. మా వీధిలో ఎవరింటికెళ్లినా ముందు లారీ కనబడుతుంది, తరవాతే గుమ్మం. దగ్గర్లో నేను చదివిన చిన్న కాలేజీలో మాస్టారు ఫిజికల్ డైరెక్టరు. ఒకరోజు ఆయన మా ఇంటికొచ్చి, "మీ పిల్ల పరుగు సూసేను, కబడ్డీకి పంపించు," అన్నారు నాన్నతో.

"ఆడపిల్లకి కబడ్డీ ఏటండీ? కాలో సెయ్యో ఇరిగితే?"

"నువ్వు ఘాటీ రోడ్డు మీద లోడు బండి తోలతన్నావు కదా. నీ కాలూ సెయ్యీ ఇరగవని ఎవరు రాసిచ్చేరేటి?"

నాన్న నవ్వేశాడు. మర్నాడు నేను గ్రౌండులో ఉన్నాను.

కోర్టు గీతలు మాస్టారే వేసేవారు, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కొబ్బరి చిప్పకి కన్నం పెట్టి, అందులో సున్నం పోసి, తాడు వెంట నడుం వంచుకుని పోతుంటే ఎక్కడా బెత్తెడు తేడా వచ్చేది కాదు. గీతల పని అయ్యాక తువ్వాలుతో చేతులు దులుపుకుని, స్కూటర్‌కి తగిలించిన కేను దించేవారు. అందులో చోడి అంబలి, అంటే రాగి జావ. మాలో సగం మంది పొద్దున్న ఏమీ తినకుండా వస్తామని ఆయనకి తెలుసు. కానీ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. "మీ అమ్మగారు ఎక్కువ కాసేసింది, పారబోస్తే నన్ను తిడతాది, తాగేయండే," అనేవారు. ఆవిడ రోజూ ఎక్కువే కాసేది పాపం, నేను చదివిన మూడేళ్లూ.

ఆయన రిఫరీయింగు గురించి చెప్పాలి. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కబడ్డీలో తగాదా ఎప్పుడూ ఒకటే. తగిలిందా లేదా, కాలు గీత దాటిందా లేదా. గీత మీద కాలు పడితే పరవాలేదు. గీత అవతల మట్టిని తాకితే ఔటు. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. రెండు వైపులా పధ్నాలుగు మంది అరుస్తుంటారు, బయట ఇంకో రెండొందల మంది. అంపైర్లకి కనబడకపోతే మిగతా రిఫరీలు ఎవరి అరుపు పెద్దదైతే అటు మొగ్గేవారు. మా మాస్టారు అలా కాదు. విజిలు వేసి ఆట ఆపేవారు. ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి, వంగి, దానికి మాత్రమే వినబడేలా అడిగేవారు.

"నాకు కనబడలేదమ్మా. నీ కాలికి తెలుసు. సెప్పు."

ఆ పిల్ల ఏం చెబితే అదే తీర్పు. చూసేవాళ్లు ఆయన ఆ పిల్ల కాలు పరీక్ష చేస్తున్నారనుకునేవారు. అడుగుతున్నారని ఆడే మాకు తప్ప ఎవరికీ తెలీదు. ఒకసారి నేనే అన్నాను, "అబద్ధం సెప్తే ఏటి సేస్తారండీ?" అని. "అందరి ముందూ అడిగితే బయానికి అబద్ధం సెప్తారు. ఒక్కర్నే అడిగితే సెప్పరే. ఇరవై ఏళ్లయింది, ఇంతవరకు ఒక్క పిల్ల సెప్పలేదు," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో గర్వం చూడాలి. తన కప్పులన్నీ పక్కన పెట్టి ఇదొక్కటీ చూపించుకునేవారు.

నా చివరి సంవత్సరం. కాలేజీల మధ్య పోటీల ఫైనల్ ఎచ్చెర్లలో. మేమూ, శ్రీకాకుళం వైపు కాలేజీ ఒకటీ. రావాల్సిన రిఫరీ రాలేదు. మా మాస్టారు మా కాలేజీ మనిషి కదా, ఆయన ఉండకూడదు. కానీ అవతలి కాలేజీ పి.డి. వచ్చి ఆయన చేతికే విజిలు ఇచ్చాడు. "మీరుంటే నాకు బెంగ లేదండీ," అన్నాడు. అదీ ఆయన పేరు.

చివరి రెయిడు. స్కోర్లు సమానం. రెయిడుకి వెళ్లింది నేను. అవతల మూలలో ఉన్నది వాళ్ల కెప్టెను, పొడుగు పిల్ల, మనిషి కాదు తాడిచెట్టు. దాన్ని తాకాలని వెనక గీత దాకా వెళ్లిపోయాను. తిరగబోతూ చెయ్యి చాపాను, దాని భుజం తగిలింది. అదే క్షణంలో నా కుడి మడమ గీత దాటి వెనక మట్టిలో పడింది. చల్లగా, మెత్తగా తగిలింది. ఇప్పటికీ ఆ మట్టి నా మడమకి తెలుస్తుంది. అక్కడి నుంచి పరుగెత్తి మధ్య గీత తాకేశాను.

వాళ్లు "ఔట్" అని అరిచారు. మావాళ్లు "పాయింట్" అని అరిచారు. గీత దగ్గర నిలబడ్డ అంపైరుకి డిఫెండర్ల వీపులు అడ్డమొచ్చాయి, కనబడలేదన్నాడు. మాస్టారు విజిలు వేసి నా దగ్గరికొచ్చారు. వంగారు.

"నాకు కనబడలేదమ్మా. నీ కాలికి తెలుసు. సెప్పు."

"దాటలేదు మాస్టారూ."

ఇంతే. రెండు మాటలు. ఆ రెండు మాటలతో కప్పు మాకొచ్చింది. యూనివర్సిటీ టీములో చోటు నాకొచ్చింది. ఆ సర్టిఫికెట్టుతో ట్రైనింగులో సీటు, తరవాత ఈ ఉద్యోగం. నేను తినే అన్నం ఆ రెండు మాటల మీద ఉడుకుతోంది.

వాళ్ల పిల్ల ఎవరో గట్టు మీద నుంచి ఫోనులో ఆట తీసిందట. మూడో రోజు ఆ ఫోను పట్టుకుని వాళ్ల కెప్టెను వచ్చింది. పోటీలు పెట్టినవాళ్లు రెండు కాలేజీల పి.డి.లనీ, ఆ కెప్టెన్నీ ఒక గదిలోకి పిలిచారు. మేం వరండాలో నిలబడ్డాం. మాస్టారు బయటికొచ్చి అందరికీ వినబడేలా చెప్పారు. "కాలు బయటే పడింది. నేను సరిగ్గా సూడలేదు. తప్పు నాది." నా వంక చూడలేదు. అడిగానని గానీ, నేను లేదన్నానని గానీ ఒక్క మాట లేదు. స్కోరు షీటు మీద సంతకాలయిపోయాక ఫలితం మారదన్నారు పెద్దలు. ఆయన మాత్రం తప్పు తనదేనని కాగితం రాసిచ్చి, ఇంక రిఫరీగా ఉండనని అందులోనే రాసేశారు.

తరవాత ఆయన్ని ఎన్ని మాటలన్నారో! సొంత కాలేజీ పిల్లని గెలిపించుకున్నాడన్నారు. ఇరవై ఏళ్ల నీతి ఒక్క కప్పుకి అమ్ముకున్నాడన్నారు. ఒకసారి బస్టాండు టీ కొట్టు దగ్గర ఆయన్ని చూసి ఎవడో నోటితో విజిలు వేశాడు. చుట్టూ నవ్వులు. మాస్టారు టీ పూర్తిగా తాగి, గలాసు కడిగి పెట్టి, నడిచి వెళ్లిపోయారు. నేను నాన్న లారీలో కూచుని అంతా చూశాను. దిగలేదు. ఎందుకు దిగలేదని మీరడుగుతారు. భయం, సిగ్గు. వాటికి పెద్ద పేర్లు పెట్టనక్కర్లేదు.

ప్రాక్టీసు మానలేదు ఆయన. గీతలూ అంబలీ అన్నీ మామూలే. ఒక్కటే మారింది. తగిలిందా లేదా అని తగాదా వస్తే ఇదివరకట్లా నడిచి వచ్చేవారు కాదు. ఉన్నచోటే నిలబడి, "మళ్లీ ఆడండి," అనేవారు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ నా కళ్ల ముందే అలా అంటూ వచ్చారు. జనం మాటలకి విసిగిపోయారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసుకి అన్నీ తెలుసు. ఒప్పుకోదు, అంతే.

రిటైరయ్యాక ఆయన సొంతూరు అరసవల్లి వచ్చేశారు. ఈ మధ్య ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్లాను. దారంతా బస్సులో మాటలు కూడబలుక్కున్నాను. మాస్టారు టీవీలో కబడ్డీ చూస్తున్నారు. తెరమీద కెప్టెన్ రివ్యూ అడిగాడు. అదే కాలు, అదే గీత, నాలుగు వైపుల నుంచి నెమ్మదిగా చూపించారు.

"సూడే, ఎన్ని కెమెరాలో! ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు."

"అవునండి."

"మంచిదేలే. పిల్లలకి అబద్ధం ఆడే కష్టం తప్పింది."

ఇంతకంటే తలుపు ఎవరు తెరుస్తారు చెప్పండి? ఒక్క అడుగు వేస్తే అయిపోయేది. సరిగ్గా అప్పుడే అమ్మగారు టీ పట్టుకొచ్చారు. నేను టీ తాగాను. మాస్టారు నా స్కూలు పిల్లల గురించి అడిగారు, గీతలు ఎవరు వేస్తున్నారని అడిగారు. నేనేనండి అంటే సంతోషించారు. "వచ్చే ఆదివారం వస్తానండి," అని చెప్పి వచ్చేశాను. వచ్చే ఆదివారం స్కూలు పోటీలు, ఆపై ఆదివారం ఇంకేదో. తరవాత అమ్మగారి ఫోను.

పెద్దకర్మ రోజున అరసవల్లి వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద ఒక పొడుగుపాటి మనిషి నన్ను చూసి లేచి వచ్చింది. పోల్చుకోడానికి క్షణం పట్టలేదు. ఆ రోజు నేను తాకిన కెప్టెను. ఇప్పుడు విజయనగరంలో కానిస్టేబులట.

"నీతో పనుంది. ఇలాగ రా," అని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. "ఆ వీడియో నువ్వు ఎప్పుడైనా సూసేవేటి?"

"లేదు."

"నేను దాసేను. ఫోను మార్సినప్పుడల్లా ఎక్కించుకున్నాను. ఆ రోజు గదిలో మాస్టారే ఫోను పట్టుకున్నారు. నీ కాలు బయట పడ్డం వరకు సూపించి ఆపీసేరు. ఇంక సూడక్కర్లేదు, తప్పు నాది అన్నారు. అందరూ ఎల్లిపోయేక మిగతాది నా పక్కన నిలబడి సూసేరు. ఫోను నా సేతికిచ్చి, 'మిగతాది ఎవరికీ సూపించకమ్మా. ఆ పిల్ల బతుకు ఇంకా మొదలవలేదు' అన్నారు."

నేను దాని చేతిలో ఫోను వంక చూశాను.

"మరి నా బతుకో అని అడుగుదామనుకున్నాను. ఆయన కళ్లమ్మట నీళ్లొత్తన్నాయి. అడగలేపోయేను. నువ్వంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు. ఆయనకి మాటిచ్చేను గాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

"ఇప్పుడు ఎవరికైనా సూపించు. నేనేటీ అనను."

"నాకేటి పని? నీ నోటితో నువ్వే సెప్పుకో," అంది. వీడియో నా ఫోనుకి పంపించి, వెళ్లి పంక్తిలో కూచుని భోజనం చేసింది. నేనూ వెళ్లి దాని పక్కనే కూచున్నాను. అది విస్తరి కొంచెం జరిపి నాకు చోటిచ్చింది.

అందుకే ఇలా చెప్పుకుంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ మనిషిని చూసి నవ్వినవాళ్లు, విజిలు వేసినవాళ్లు ఇది చదివితే తెలుసుకోండి. మా మాస్టారు ఎవరి పక్షమూ వహించలేదు. ఆయన్ని మోసం చేసిన మొదటి పిల్లని నేను. ఆయన నోట్లోంచి ఆ ప్రశ్నని తీసేసినదాన్ని కూడా నేనే. దీనివల్ల నా ఉద్యోగానికి ఏమైనా అయితే అవనివ్వండి.

ఆ వీడియో రోజూ చూస్తున్నాను. బొమ్మ అంత బాగా ఉండదు, చెయ్యి వణుకుతూ తీసింది. కాలు గీత దాటడం కనబడుతుంది. అక్కడితో అయిపోదు. మాస్టారు నడుచుకుంటూ నా దగ్గరికి వస్తారు. వంగి ఏదో అడుగుతారు. నేను తల అడ్డంగా ఊపుతాను. ఊపుతూనే కుడి కాలు వెనక్కి లేపి, మడమకంటిన సున్నం ఎడమ పిక్కకేసి రుద్దుకుంటాను. రెండుసార్లు. సున్నం అంటితే ఔటేమీ కాదు. అయినా తుడుచుకున్నాను. అలా తుడుచుకున్నట్టు నాకే గుర్తు లేదు.

ఆ రోజు మాస్టారు కాలు చూడలేదు. నా ముఖంలోకే చూస్తున్నారు. నేను తల ఊపగానే ఆయన ముఖం తేటపడింది, చిన్న పిల్లాడిలా నవ్వారు. వెనక్కి తిరిగి, అన్ని అరుపుల మధ్యా నా వైపు చెయ్యెత్తారు. వీడియో అక్కడ ఆగిపోతుంది. మళ్లీ వేస్తాను. ఆయన మళ్లీ వచ్చి అడుగుతారు, నేను తల ఊపుతాను, ఆయన నమ్ముతారు.