అక్క వేలి మీది చుక్క

"రవ్వంత బెల్లం పెట్టు, నోరు పీక్కపోతాంది" అని అక్క అడిగింది. బావ పెట్టలేదు.

ఉగాది ముందురోజు మధ్యాహ్నం, మైదుకూరు బజారులోని వాళ్ల అంగట్లో జరిగిందిది. ఆమె చుట్టూ బెల్లం దిమ్మెలే. పొద్దున్నుంచి తిండి కూడా సరిగా తినకుండా వాటినే పగలగొట్టి అమ్ముతూ ఉంది. చెమటలు పడుతున్నాయని, కళ్లు తిరుగుతున్నాయని అంటే బావ ఆమె వేలిని పొడిచి షుగరు మిషనులో చూశాడు. మూడు వందలు దాటి ఉంది. అంత షుగరున్న మనిషికి బెల్లం ఎవరు పెడతారు? "చూడు యెంతుండాదో. బెల్లమంట బెల్లం! ఇంత మజ్జిగ తాగి పండుకోపో" అన్నాడు. అక్క లోపలికి వెళ్లి గోనెసంచుల మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు.

అప్పట్లో నేను కడపలో పత్రికలో పనిచేసేవాణ్ని. కబురందుకుని ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు బావతో మాట్లాడుతున్నాడు. షుగరు పూర్తిగా పడిపోయిందని, ఇంటి దగ్గరే ఏదైనా తీపి పెట్టి ఉండాల్సిందని చెబుతున్నాడు. "లేదు సార్, ఎక్కువుండాది. నేనే చూసినా" అని బావ జేబులోంచి మిషను తీసి చూపించబోతున్నాడు. అది అప్పటికే ఆరిపోయి ఉంది. బావ దాని మీట నొక్కుతూనే ఉన్నాడు. పొద్దుగూకకముందే అక్క పోయింది.

అక్కకు చక్కెర జబ్బు వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. మాత్రలకు లొంగక ఇన్సులిన్ సూదుల దాకా వచ్చాక, ఇంట్లోనే రోజూ చూసుకొమ్మని, అంకె ఎక్కువుంటే మందు కొంచెం పెంచమని డాక్టరు చెప్పాడు. అరచేతిలో ఇమిడే ఆ మిషనును బావ కొని తెచ్చాడు. దానికి దూర్చే సన్నని స్ట్రిప్పు కొసన కంటికి ఆనీ ఆనని సందు ఒకటి ఉండేది. వేలి మీద పొడుచుకున్న రక్తపు చుక్కను తాకిస్తే చాలు, వత్తి నూనెను పీల్చినట్టు అదే లోపలికి లాక్కునేది. ఆవగింజంత చుక్క సరిపోయేది. కాసేపటికి అంకె వచ్చేది.

నేను మైదుకూరు వెళ్లినప్పుడల్లా పొద్దున్నే ఆ తంతు చూసేవాణ్ని. బావ కళ్లద్దాలు పెట్టుకుని, అక్క చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, నొప్పి పుట్టకూడదని ఊదుతూ ఊదుతూ పొడిచేవాడు.

"చూసినావారా మీ బావను? పొద్దున్నే నా రక్తం తాగందే కాఫీ తాగడు" అనేది అక్క.

"నీ రక్తం యెవుడు తాగుతాడు మే, అంతా పానకమే గదా" అనేవాడు బావ.

సరుకుకొచ్చిన ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమక్కా, బెల్లమమ్మే ఇంట్లో చెక్కెర రోగమా?" అని ఒకామె అంటే అక్క తడుముకోలేదు. "తినేది మీరు, రోగం మాత్రం ఈడ పెట్టి పోతాండారు. తూకంలో దాన్ని గూడా కట్టిస్తా తీసకపో" అంది. అంగడంతా నవ్వింది.

అవి వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లు. బోర్లు ఎండిపోయి బజారు వీధికి నీళ్లు ట్యాంకరుతో వచ్చేవి, అదీ వచ్చిన రోజు వచ్చినట్టు. అంగట్లో ఉండే చెంబెడు నీళ్లు తాగడానికే. అంగడి పనిలో ఉండగా బెల్లం కొట్టిన చేతుల్ని ఎవరూ కడుక్కునేవాళ్లు కాదు. గోనెపట్టాకు తుడుచుకునేవాళ్లు, అక్కయితే పైటకొంగుకు. ఆమె కొంగు కొస ఎప్పుడూ అట్టలా బిరుసుగా ఉండేది. దండెం మీద ఆరేసిన చీరకు కూడా చీమలు పట్టేవి. మందులంగడి అబ్బాయి స్పిరిటు దూదితో వేలు తుడవమన్నాడుగానీ, మొదట కొన్న సీసా అయిపోయాక మళ్లీ కొన్నట్టు లేదు.

అక్క పోయాక బావ ఒకటే మాట పట్టుకున్నాడు: మిషను ఎందుకు అబద్ధం చెప్పింది? దాన్ని మందులంగడికి తీసుకుపోయి తన వేలు పొడిపించుకున్నాడు. సరిగ్గానే చూపించింది. వచ్చినవాళ్లవీ పోయినవాళ్లవీ వేళ్లు పొడిపించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "అందరికీ నిజం చెప్తాదప్పా, మీ యక్కకే యెందుకు చెప్పలేదు?" అని నన్ను అడిగేవాడు.  అంగట్లో బెల్లం అమ్మడం మానేశాడు. అడిగినవాళ్లను పక్క అంగడికి పొమ్మనేవాడు.

మరుసటి ఏడు నన్ను కర్నూలుకు మార్చారు. అక్కడ ఒక ఇంజనీరింగు కాలేజీలో ప్రదర్శన జరుగుతోందంటే వార్త రాయడానికి వెళ్లాను. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక యువ లెక్చరరు గోరంత గాజుపలకను చూపించాడు. లోపల వెంట్రుకల్లాంటి కాలువలు. అంచున రంగునీటి చుక్క వేస్తే అది తనంతట తానే పాకింది, చీలింది, మలుపులు తిరిగింది. గదంత ప్రయోగశాల చేసే పని ముందు ముందు ఇంత పలకలోనే చేయొచ్చన్నాడు. షుగరు స్ట్రిప్పు కూడా దీని తమ్ముడే అన్నాడు.

నేను అక్క పేరెత్తకుండా, స్ట్రిప్పు తప్పు చూపిస్తుందా అని అడిగాను.

"దాని తప్పేముండాది సార్? యేది ముందు లోపలికి పోతే దాన్నే లెక్క కడతాది. రక్తంలో చెక్కెరా, వేలి మీద చెక్కెరా, దానికేం తెలుసు? బిందెడు నీళ్లలో రవ్వంత పడితే తెలీదు గానీ, ఇంత చుక్కలో పడితే అదే శానా ఎక్కువ. అందుకే సార్, మామిడిపండు తిన్న చేత్తో చూసుకోగూడదనేది."

నేను రాసుకోవడం ఆపేశాను.

ఆ వారమే మైదుకూరు వెళ్లి బావకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. కానీ ఏడాదిగా అడుగుతున్న మనిషి దగ్గర జవాబు దాచడం నా వల్ల కాలేదు.  బావ లేచి పక్క అంగడికి వెళ్లి, అక్క పోయాక మొదటిసారి బెల్లం కొనుక్కొచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఒక వేలు పొడుచుకున్నాడు. నూరుకు దరిదాపుల్లో ఉంది. తర్వాత బెల్లం ముక్కను రెండో చేత్తో నలిపి, గోనెపట్టాకు గట్టిగా తుడిచి, ఆ చేతి వేలు పొడుచుకున్నాడు. స్ట్రిప్పు చుక్కను లాక్కుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నాలుగు వందలకు దగ్గరగా వచ్చింది.

బావ ఆ వేలి వంక చూశాడు. "అడిగిందప్పా. నోరు తెరిచి అడిగింది" అన్నాడు.

మధ్యాహ్నపు అంకె సంగతి అలా తేలింది. పొద్దుటి అంకె సంగతి తేలలేదు. ఆ పొద్దున కూడా అంకె ఎక్కువే వచ్చింది. అది చూసే బావ సూదిలో మందు పెంచాడు. అది రక్తంలోని చక్కెర అయితే మందు పెంచడం సబబే. వేలి మీది బెల్లమైతే, ఆ పెంచిన మందే అక్క షుగరును పడగొట్టింది. ఆ రోజు పండగ గిరాకీకని అక్క చీకటితోనే లేచి దిమ్మెలు కొట్టింది. వేలు పొడిపించుకునే ముందు చేతులు కడుక్కుందా లేదా అన్నది, ఇంట్లో నీళ్లు ఉన్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. అంతకు ముందురోజే ఇంట్లో నీళ్ల తొట్టి ఖాళీ అయింది. ట్యాంకరు పొద్దున్నే వచ్చి ఉంటే కడుక్కునే ఉంటుంది. రాకపోతే కొంగుకు తుడుచుకుని ఉంటుంది.

"బెల్లం పెట్టకపాయె, అది నా తప్పే, మోస్తాండా. సూది గూడా నాదేనా? అది మాత్రం కనుక్కోప్పా, పేపరోడివి గదా" అన్నాడు బావ.

కనుక్కోవడానికి చాలా తిరిగాను. ఎదురింటామె పండగకు ఇల్లు కడుక్కున్నాను కాబట్టి వచ్చిందంటుంది. పక్కింటాయన, ఆ రోజు బిందెల కోసం కొట్లాట జరగలేదు కాబట్టి రాలేదంటాడు. ట్యాంకరు తోలినవాడు ఆ ఏడే తుమ్మలపల్లె వైపు పనికి వెళ్లిపోయాడు. వెతికి పట్టుకుంటే, "అన్ని వీధులకూ నేనే గదన్నా, ఏ రోజు యాడికి పోయినానో యాడ గుర్తుంటాది" అన్నాడు. మా పత్రిక పాత ప్రతుల్లో ఆ వారం మైదుకూరు నీళ్ల గురించి వార్త లేదు.

ఉగాది ముందురోజు పొద్దున ఆ వీధికి ట్యాంకరు వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు.